సహదేవిని వయ్యారిభామగా పొరబడరాదు

హిందూపురం, బాగేపల్లి ప్రాంతాల నుంచి పనుల నిమిత్తం బెంగళూరు వెళ్లే మన కుటుంబాలకు నగర శివార్లలోని ఖాళీ స్థలాలు పరిచితమే. అక్కడ దట్టంగా పెరిగేది వయ్యారిభామ. కన్నడిగులు దానిని కాంగ్రెస్ గిడ అంటారు. దాని నడుమ మోకాలెత్తున, ఊదారంగు పూలతో నిలిచే సన్నని మొక్క సహదేవి. రెండూ చామంతి కుటుంబానికి చెందినవే. అందువల్లనే కాబోలు, కలుపు తీసేవారు రెండింటినీ ఒకే గాటన కట్టి పెరికివేస్తున్నారు.

వయ్యారిభామ అమెరికా ఖండం నుంచి వచ్చినది. 1950వ దశకంలో పుణెలో గుర్తింపు పొంది దేశమంతటా వ్యాపించింది. దానిని అరికట్టేందుకు మెక్సికో నుంచి తెచ్చిన పెంకుపురుగులను 1984లో బెంగళూరులోనే విడిచిపెట్టారు. దాని స్పర్శ వల్ల చర్మవ్యాధులు, పుప్పొడి వల్ల ఉబ్బసం కలుగుతాయి. పిల్లలచేత దానిని పెరికించరాదు. పెద్దలైనా చేతికి తొడుగు వేసుకొని, పూతకు ముందే తీయాలి.

సహదేవి మన నేలకు చెందిన మొక్క. గుర్తించడం కష్టం కాదు. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకువలె చీలికలుగా ఉంటుంది, పూలు తెల్లనివి. సహదేవి ఆకు చీలదు. ఇంచుమించు చెంచా ఆకారంలో ఉంటుంది. కాండంపై బూడిదరంగు నూగు కనిపిస్తుంది. 1753లో లిన్నేయస్ దీనికి పెట్టిన లాటిన్ పేరులోనూ బూడిదరంగు అన్న అర్థమే ఉన్నది. మనం ఒక్క పువ్వు అనుకొనేది నిజానికి ఇరవై వరకు చిన్న పూల గుత్తి. ఎండిన పిదప తెల్లని దూదివంటి కేశాలతో విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి. తేనెటీగలు, చిన్న సీతాకోకచిలుకలు ఈ పూలపై వాలుతాయి.

ఆయుర్వేదంలో దీనిని జ్వరానికి వాడతారు. కేరళీయుల దశపుష్పాలలో ఇది ఒకటి. థాయిలాండ్‌లో పొగతాగే అలవాటు మాన్పించేందుకు దీని కషాయం ఇస్తారు. అంతమాత్రాన ఇంటిలో ఎవరికి వారే కాచుకొని త్రాగడం మంచిది కాదు. నగరంలో మురుగు ప్రక్కన, వాహనాల పొగలో పెరిగిన మొక్క నోటికి తగదు. ఇందులో పొటాషియం అధికం కనుక మూత్రపిండాల వ్యాధి, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని సలహా లేనిదే దీని జోలికి పోరాదు.