పాత కారు - మరిగే నీరు

వేసవి మధ్యాహ్నమున అశోక్‌నగర్ నుండి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడకు నత్తనడకన సాగు వాహనముల నడుమ ఒక పాత స్టాండర్డ్ హెరాల్డ్ చిక్కుకొన్నదనుకొందము. 1961 నుండి మద్రాసులో తయారైన ఈ కారు, ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టము.

ఇంజను వేడిని నీరు రేడియేటరుకు మోసికొనిపోవును. అక్కడ దానిని గాలి గ్రహించును. బండి పరుగెత్తునపుడు గాలికి కొదువ లేదు. నిలిచినపుడో, పంకాయే దిక్కు. దానిని త్రిప్పునది ఇంజనే. ఇంజను మందగించిన పంకాయు మందగించును!

హైదరాబాదు సముద్రమట్టమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది. అందుచే ఇచట తెరచిన గిన్నెలో నీరు 98 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపులనే మరగును. రేడియేటరు మూతలోని స్ప్రింగు లోపలి పీడనమును అర వాతావరణము మేర పెంచినచో, మరుగుస్థానము దాదాపు 110 డిగ్రీలకు చేరును. ప్రెషర్ కుక్కరు సూత్రమే ఇది. మూతలోని రబ్బరు అరిగినచో ఈ లాభమంతయు పోవును. పలువురు అది చూడక రేడియేటరును నిందింతురు. కొత్త మూత చవకైన వైద్యము.

ఇంజను వేడిగా ఉండగా మాత్రము ఆ మూతను తెరువరాదు. పీడనము తటాలున పడిపోవుటచే, అంతవరకు మరగని 105 డిగ్రీల నీరు ఒక్కసారిగా పొంగి, ఆవిరితో ముఖముపైకి చిమ్మును. ఇంజను ఆపి, బానెట్టు ఎత్తి, రేడియేటరు చేతికి చల్లగా తగులువరకు ఆగవలెను.