లాగిన్ దగ్గరే బస్సు ఆగిపోతే!

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి పోయే పల్లెవెలుగు ఎక్కారనుకోండి. 2023 డిసెంబర్ 9 నుంచి మన దగ్గర ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ కదా. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఓసారి చూసి జీరో టికెట్ ఇస్తాడు. మనిషికి నాలుగైదు సెకన్ల పని. ఇంతలో ఎవరో గోనెసంచి నిండా కాగితాలు తెచ్చి ముందు కుమ్మరించి, ‘నా కార్డు ఇందులోనే ఉంది, చూస్కో’ అన్నారనుకోండి. కండక్టర్ నిజాయితీపరుడు. ఒక్కో కాగితం తీసి చూస్తూనే ఉన్నాడు. టికెట్లు అయితే గానీ ‘రైట్ రైట్’ అనడు. వెనక యాభై మంది దగ్గర అసలైన కార్డులున్నా లాభం లేదు. సంచి తెచ్చిన మనిషికి టికెట్ అక్కర్లేదు, బస్సు కదలకపోతే చాలు.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని డినయల్ ఆఫ్ సర్వీస్ అంటారు. పొట్టిగా డాస్. డేటా పోదు, డబ్బు పోదు, సర్వీసు మాత్రం ఎవరికీ అందదు. ఈ మాట వినగానే లక్షల కంప్యూటర్లు కట్టగట్టుకుని ఒక సైటు మీద పడటం గుర్తొస్తుంది. అది ఒక రకం. నేను చెప్పేదానికి అంత సైన్యం అక్కర్లేదు. ఒక ల్యాప్‌టాప్, ఒక లాగిన్ పేజీ ఉంటే సరిపోతుంది.

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి జాంగో అని ఒక ఫ్రేమ్‌వర్క్ ఉంది. ఇన్‌స్టాగ్రామ్ మొదలైంది దీని మీదే. ఏ సైటైనా మీ పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు దాచకూడదు, హ్యాష్‌గా మార్చి దాచాలి. జొన్నలు పట్టించాక ఆ పిండిలోంచి మళ్ళీ గింజ తీయలేం కదా, అట్లా. దొంగ లక్షల పాస్‌వర్డులు గబగబా వేసి చూడకుండా ఈ విసురుడును కావాలనే నెమ్మదిగా పెడతారు. అప్పటి జాంగో 10 వేల సార్లు తిప్పేది. చిక్కేంటంటే, తిప్పిన ప్రతిసారీ మొత్తం పాస్‌వర్డును మొదట్నుంచి విసిరేది. ఎనిమిది అక్షరాలైతే తేడా తెలియదు. అదే 1 ఎంబీ, అంటే దాదాపు పది లక్షల అక్షరాల పాస్‌వర్డ్ పంపితే? అది తప్పో ఒప్పో తేల్చడానికే సుమారు ఒక నిమిషం. ఫోన్‌లో పది లక్షల అక్షరాలు కొట్టడం ఎవరి వల్లా కాదు గానీ, చిన్న స్క్రిప్టుకు అది సెకను పని. ఒకేసారి నలుగురికి పని చేసిపెట్టే సర్వర్‌కి అలాంటివి నాలుగు పంపితే ఆ నిమిషం ఇంకెవరికీ తలుపు తెరుచుకోదు. కాపలా కోసం పెట్టిందే దారికి అడ్డం. కంచే చేను మేయడమంటే ఇదే.

2013 సెప్టెంబర్ 15న జాంగో వాళ్ళు పాస్‌వర్డ్‌కు 4,096 బైట్ల హద్దు పెట్టారు. అక్టోబర్‌లో ఆ హద్దు తీసేసి, పొడుగు పాస్‌వర్డును ప్రతిసారీ మళ్ళీ విసరనవసరం లేకుండా లెక్కనే సరిచేశారు. నాకు నచ్చింది రెండో మందు.

పదేళ్ళ తర్వాత ఇదే కథ ఇంకో వేషంలో వచ్చింది. 2024 జనవరి 9న మైక్రోసాఫ్ట్ తన డాట్‌నెట్‌లో ఒక లోపాన్ని ప్రకటించింది. నంబరు సీవీఈ-2024-21319. డాట్‌నెట్ అనేది రన్‌టైమ్, అంటే మనం రాసిన ప్రోగ్రాములను సర్వర్ మీద నడిపించే ఇంజిన్. లోపం అసలు ఇంజిన్‌లో కాదు, లాగిన్ టోకెన్లను చూసే లైబ్రరీలో ఉంది. అయినా అది ఒక సైటుతో పోదు, ఆ లైబ్రరీ వాడేవన్నీ చూసుకోవాల్సిందే. లాగిన్ అయ్యాక మనకు టోకెన్ అనే పాస్ ఇస్తారు, తర్వాత యాప్ అడుగడుగునా అదే చూపిస్తుంది. అందులో ఒక రకం టోకెన్‌ను జిప్ ఫైల్‌లాగా నొక్కి, తాళం వేసి పంపవచ్చు. ఒకే అక్షరాన్ని పది లక్షల సార్లు రాసి జిప్ చేస్తే వెయ్యి బైట్ల దగ్గరికి వచ్చేస్తుంది. పిడికిట్లో పట్టే మూట విప్పితే ఇల్లంతా పత్తి! లోపల ఎవరి సంతకం ఉందో చూడాలంటే సర్వర్ ముందు మూట విప్పాలి. విప్పేసరికి మెమరీ ఖతం. పంపేవాడికి అకౌంట్ కూడా అక్కర్లేదు. ఆ టోకెన్‌కు తాళం వేసే పబ్లిక్ కీ మాత్రం చేతిలో ఉండాలి. డాట్‌నెట్ 6, 7, 8 మూడింటికీ అదే రోజు ప్యాచ్ ఇచ్చారు. 7కి 2024 మేలో, 6కి నవంబర్‌లో సపోర్టు అయిపోయింది. ఇంకా వాటి మీదే నడిచే సైటులో రేపు కొత్త లోపం బయటపడితే ప్యాచ్ రాదు.

ఇదంతా హైదరాబాద్ ఆఫీసుల గోల అనుకోకండి. ఓసారి ఒక దరఖాస్తుకు ఆఖరి రోజు, ఎల్లారెడ్డిలో మా చిన్నమ్మ కూతురు నెట్ సెంటర్ నుంచి ఫోన్ చేసింది. ‘అన్నా, లాగిన్ కొడితే తిరుగుతనే ఉంది, ఏం చెయ్యాలె?’ ఏం చెప్పను? అది దాడి కాదు, రద్దీయే అయ్యుంటుంది. కుర్చీలో కూర్చున్న పిల్లకు రెంటికీ తేడా ఏముంది? రాత్రి పదకొండు దాటాక సైటు లేచింది, తనది అయిపోయింది. ఇల్లు దగ్గర కాబట్టి అప్పటిదాకా కూర్చోగలిగింది. నాగిరెడ్డిపేట, లింగంపేట వైపు నుంచి వచ్చినవాళ్ళు ఆఖరి బస్సుకే వెళ్ళిపోయారట.

ఇంకో చిన్న రకం కూడా ఉంది, దీనికి స్క్రిప్టు కూడా అక్కర్లేదు. కొన్ని సైట్లలో మూడుసార్లు తప్పు పాస్‌వర్డ్ కొడితే అకౌంట్ లాక్. యూజర్ నేమ్ హాల్‌టికెట్ నంబరైతే? అవి వరస నంబర్లు. మీ పక్క బెంచీ వాడికి మీ నంబరు నోటికొచ్చు. ఆఖరి రోజున వాడికి బుద్ధి వక్రిస్తే మీరు బయటే. అందుకే అకౌంట్‌కి తాళం వేసే బదులు ప్రతి తప్పుకీ కొంచెంకొంచెంగా ఆలస్యం పెంచడం మేలంటాను.

బీటెక్ ప్రాజెక్టుకు లాగిన్ పేజీ కడుతున్నవాళ్ళు ఒక పని చేయండి. పాస్‌వర్డ్ పొడవుకు సర్వర్ వైపు హద్దు పెట్టండి. హద్దన్నాం కదా అని 12 అక్షరాలకు కట్టేయకండి. కనీసం 64 దాకా ఒప్పుకోవాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చెబుతోంది. తర్వాత మీ ల్యాప్‌టాప్‌లోనే, లోకల్‌హోస్ట్‌లో, 1 ఎంబీ పాస్‌వర్డ్ పంపి గడియారం చూడండి. వేరేవాళ్ళ సైటు మీద మాత్రం వద్దు. ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.