స్కానింగ్‌లో అనుకోని గడ్డ... బీపీ, షుగర్లకు అదే మూలమా?

కిడ్నీలో రాయి ఉందేమోనని స్కానింగ్‌ తీయిస్తే... కిడ్నీ పైనున్న గ్రంథిలో చిన్న గడ్డ కనిపించిందంటారు. ఆ మాటతో ఇంటిల్లిపాదికీ కంగారు. 'క్యాన్సర్‌ కాదులే' అని డాక్టరు చెప్పగానే రిపోర్టు బీరువాలోకి వెళ్లిపోతుంది. నిజానికి అంత భయమూ అక్కర్లేదు, అంత నిర్లక్ష్యమూ పనికిరాదు!

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాళ్లకు పెద్ద పరీక్షలంటే అనంతపురమో బెంగళూరో వెళ్లిరావడం అలవాటే. గుండె జబ్బంటే పుట్టపర్తిలో 1991లో మొదలైన ఉచిత సూపర్‌ స్పెషాలిటీ ఆసుపత్రి గుర్తొస్తుంది. అయితే కొందరిలో గుండెకొచ్చే ముప్పుకి మూలం ఈ చిన్న గడ్డలోనే ఉంటుంది.

టోపీలాంటి గ్రంథి

రెండు కిడ్నీలపైనా టోపీల్లా ఉండేవే అడ్రినల్‌ గ్రంథులు. బీపీని, రక్తంలో చక్కెరను, ఒంట్లో ఉప్పును అదుపు చేసే హార్మోన్లు ఇక్కడే తయారవుతాయి. మరో కారణంతో తీసిన స్కాన్‌లో వీటిపై కనిపించే గడ్డని 'ఇన్సిడెంటలోమా' అంటారు. వయసు పైబడేకొద్దీ ఇవి ఎక్కువ. చాలావరకూ క్యాన్సర్‌ కానివే. సీటీలో గడ్డ అంతా ఒకేలా ఉండి, సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్‌ యూనిట్లు మించకపోతే నిశ్చింతగా ఉండొచ్చు.

చాపకింద నీరులా...

అసలు చిక్కు హార్మోన్లతోనే. కొన్ని గడ్డలు కార్టిసాల్‌ని అవసరానికి మించి కొద్దికొద్దిగా వదులుతుంటాయి. హార్వే కుషింగ్‌ 1932లో వివరించిన జబ్బులోలా ముఖం గుండ్రంగా ఉబ్బడం, చర్మంపై ఊదారంగు చారలు రావడం వంటివి వీళ్లలో కనిపించవు. పైకి మామూలుగానే ఉంటారు. లోపల మాత్రం బీపీ, షుగరు, కొలెస్ట్రాల్‌ పెరుగుతుంటాయి, ఎముకలు గుల్లబారతాయి. గుండెపోటు, పక్షవాతం ముప్పూ ఎక్కువే.

ఒక్క మాత్రతో పరీక్ష

గడ్డ బయటపడిన వాళ్లందరికీ ఈ పరీక్ష అవసరమని యూరప్‌ వైద్య నిపుణులు 2023లో మరోసారి సూచించారు. రాత్రి 11-12 గంటల మధ్య 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్‌ మాత్ర ఇచ్చి, మర్నాడు ఉదయం రక్తంలో కార్టిసాల్‌ చూస్తారు. 1.8 మైక్రోగ్రాములు దాటిందంటే గడ్డ సొంతంగా హార్మోన్‌ వదులుతోందేమోనని అనుమానించాలి. గర్భనిరోధక మాత్రలు, కీళ్ల నొప్పులకు వాడే స్టెరాయిడ్లు ఫలితాన్ని తారుమారు చేస్తాయి. కాబట్టి వాడే మందులన్నీ డాక్టరుకు ముందే చెప్పాలి.

బీపీ ఉన్నా, పొటాషియం తగ్గినా ఆల్డోస్టిరాన్‌, రెనిన్‌ పరీక్షలూ చేయించాలి. గడ్డ సాంద్రత 10 దాటితే మెటానెఫ్రిన్ల పరీక్ష తప్పనిసరి. ఉన్నట్టుండి తలనొప్పి, గుండెదడ, చెమటలు వస్తుంటే మరీ ముఖ్యం. ఇది చేయకుండా ఆపరేషన్‌కి వెళితే బీపీ ఒక్కసారిగా ఎగబాకి ప్రాణాల మీదికొస్తుంది.

ఆపరేషన్‌ అందరికీనా?

కాదు. హార్మోన్లు మామూలుగా ఉండి, గడ్డ మంచిదని తేలితే మళ్లీ మళ్లీ స్కాన్లు కూడా అక్కర్లేదు. కార్టిసాల్‌ ఎక్కువున్న వాళ్లు ఏటా బీపీ, షుగరు చూపించుకుంటూ మందులు వాడాలి. గడ్డ ఒకవైపే ఉండి, బీపీ, షుగరు లొంగకపోతే చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్‌ గురించి ఎండోక్రైనాలజిస్టుతో మాట్లాడాలి. ఆ తర్వాత కొందరికి బీపీ మందులు తగ్గాయని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇంట్లో ఎవరికైనా పాత స్కాన్‌ రిపోర్టులో 'అడ్రినల్‌' అన్న మాట ఉందేమో ఓసారి చూడండి. ఉంటే, ఈసారి బీపీ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు ఆ కాగితాన్నీ వెంట తీసుకెళ్లండి!