మాట తూలినప్పుడు మౌనం
(రోగి బంధువులకు ఒక మాట)

మన కవిటి ప్రాంతంలో కొబ్బరి చెట్టు లేని పెరడు ఉండదు. అయితే డయాలసిస్ చేయించుకునే వారికి కొబ్బరి నీళ్లు ఇవ్వకూడదని డాక్టరు చెబుతారు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన మూత్రపిండాలు దానిని బయటకు పంపలేవు. అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. మంచినీళ్లు కూడా కొలిచి ఇవ్వాలి. కన్నతండ్రికి గ్లాసుతో నీళ్లు కొలిచి ఇచ్చే కూతురి బాధ ఎవరికి తెలుస్తుంది? "నా చేతి కూడు తిని పెరిగి, నాకే నీళ్లు కొలుస్తావేటి?" అని ఆయన అరిచినప్పుడు ఆమె ఏం చేయాలి?

2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఉద్దానంలో ఈ జబ్బు ఇంతగా రావడానికి అసలు కారణం మాత్రం ఇంకా పూర్తిగా తేలలేదు. వైద్యం ఆసుపత్రిలో జరుగుతుంది. కానీ ఈ జబ్బుతో వచ్చే మాటల గాయాలు ఇంట్లోనే తగులుతాయి. వాటి గురించే ఈ నాలుగు మాటలు.

రోగికి కోపం ఎందుకు వస్తుంది?

మూత్రపిండాలు పనిచేయనప్పుడు రక్తంలో మలినాలు పేరుకుంటాయి. వాటి ప్రభావం మెదడు మీద కూడా పడుతుంది. ఒళ్లంతా దురద, నిద్ర లేకపోవడం, ఆగని దాహం, సుమారు నాలుగు గంటల డయాలసిస్ తరువాత వచ్చే నీరసం మనిషి సహనాన్ని తినేస్తాయి. సంపాదించి పెట్టిన చెయ్యి ఇప్పుడు ఇంకొకరి చేతి కోసం చూడవలసి వచ్చిందన్న దిగులు వీటికి తోడవుతుంది. ఆ మాటల్లో చాలావరకు జబ్బు పలికించేవే.

పరిశుద్ధ గ్రంథం ఏమి చూపిస్తుంది?

సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా ఉంది. పిల్లలు లేరని పెనిన్నా ఆమెను ఏటేటా దెప్పి ఏడిపించేది. హన్నా ఆమెకు ఎదురు సమాధానం చెప్పినట్టు ఎక్కడా కనిపించదు. అలాగని దుఃఖాన్ని కడుపులో దాచుకోలేదు. మందిరానికి వెళ్లి దేవుని ముందు మనసు విప్పి ఏడ్చింది. యాజకుడైన ఏలీ ఆమెను చూసి తాగి ఉందని పొరబడ్డాడు. అప్పుడు మాత్రం ఆమె ఊరుకోలేదు. తాను తాగలేదనీ, తనది మనోదుఃఖమనీ నెమ్మదిగా చెప్పింది. ఎక్కడ ఊరుకోవాలో, ఎక్కడ మాట్లాడాలో ఆమెకు తెలుసు.

దావీదు రాజు కొడుకు తిరుగుబాటుకు తప్పించుకొని పారిపోతుంటే షిమీ రాళ్లు రువ్వి శపించాడు. వాని తల తీస్తానని అబీషై లేచాడు. దావీదు వద్దని వారించి తన దారిన సాగిపోయాడు. చేతిలో కత్తి ఉన్నవాడు ఊరుకోవడం చేతకానితనం కాదు.

యోబు స్నేహితుల సంగతి ఇంకా దగ్గరగా మనకు తగులుతుంది. అతని బాధ చూసి వారు ఏడు రోజులు మాట్లాడకుండా పక్కన కూర్చున్నారు. నోరు తెరిచి తప్పులెన్నడం మొదలుపెట్టాకే అతని గాయం పెద్దదైంది.

ఏది మౌనం, ఏది కాదు?

మూతి ముడుచుకొని రెండు రోజులు పలకకపోవడం మౌనం కాదు, అదీ ఒక దెబ్బే. దెబ్బలు తిని దాచిపెట్టడం కూడా కాదు. హేరోదు ముందు ఏమీ మాట్లాడని యేసుప్రభువు, ప్రధాన యాజకుని ఇంట తనను కొట్టిన బంట్రౌతును ఎందుకు కొట్టావని అడిగాడు. రోగి చేయి చేసుకుంటే పెద్దలకో, ఆసుపత్రి వారికో చెప్పండి.

ఆ క్షణంలో ఏం చేయాలి?

1. కోపం వచ్చినప్పుడు మీ గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి. అవి తగ్గడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అందాకా బదులు చెప్పకండి. రోగి కనబడేంత దూరంలోనే ఉండి నాలుగుసార్లు నిదానంగా ఊపిరి తీసుకోండి.

2. మాటకు మాట ఇవ్వకుండా పని చేయండి. నోరు పుక్కిలించి ఉమ్మడానికి నీళ్లివ్వండి. చిన్న మంచు ముక్క ఇవ్వవచ్చు, అయితే దానినీ రోజు నీళ్ల లెక్కలో కలపాలి. ఉప్పు చేప, ఊరగాయ మానిపిస్తే దాహం కూడా తగ్గుతుంది.

3. కోపం చల్లారాక, "మీరు బాగుండాలనే కొలిచి ఇస్తున్నాను" అని ఒక్క మాట చెప్పండి.

4. మీ దుఃఖాన్ని హన్నా వలె దేవునికి చెప్పుకోండి. నమ్మిన మనిషి ఒకరికీ చెప్పుకోండి. సేవ చేసేవారూ మనుషులే. వారానికి ఒక పూట ఇంకొకరిని కూర్చోబెట్టి విశ్రాంతి తీసుకోండి.

ఇక్కడ మాత్రం ఊరుకోకండి

మాట తడబడినా, మత్తుగా ఉన్నా, ఆయాసం వచ్చినా, కాళ్లూ చేతులూ పట్టు తప్పినా, గుండె దడగా ఉన్నా అది కోపం కాదు, ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. "ఇక డయాలసిస్‌కు రాను, చచ్చిపోతాను" అన్న మాటను కూడా విసుగని వదిలేయకండి. అదే రోజు డాక్టరుకు చెప్పండి.

రేపు ఉదయం మళ్లీ ఆ గ్లాసు మీ చేతిలోనే ఉంటుంది. మళ్లీ ఒక కఠినమైన మాట రావచ్చు. ఆ మాట కిందపడనివ్వండి. గ్లాసు మాత్రం గట్టిగా పట్టుకోండి.