తీగలేని మెఱపు

ఫోటో స్టూడియోలో గూర్చుండిన వారందఱును ఆ మెఱపును జూచియే యుందురు. మీట నొక్కుట కెమేరాయందు. వెలుగు పుట్టుట పది యడుగుల దూరమున గొడుగుచెంత నున్న దీపమునందు. నడుమ తీగ లేదు. దీపమునకు సమయ మెట్లు తెలియుచున్నదని మా విద్యార్థి యొకడు నన్నడిగెను.

1887లో జర్మనీ దేశస్థులగు మీథె, గేడికె యనువారు మెగ్నీసియము కలిపిన చూర్ణమును మండించి ఫోటో తీయు పద్ధతిని గనిపెట్టిరి. పొగయు నిప్పుభయమును దానివెంట వచ్చినవి. నేటి స్టూడియో దీపములో నిప్పు లేదు. కెపాసిటరునందు నిలువజేసిన విద్యుత్తు, జీనాన్ వాయువు గల గాజుగొట్టము గుండ నొక్కమాఱుగ దూకును. ఆ వెలుగు తఱచుగ సెకండులో కొన్ని వందలవ వంతైనను నిలువదు.

మొదట కెమేరాకును దీపమునకును తీగ కట్టుచుండిరి. దానిని కాలదన్ని దీపము పడవైచిన వారెందఱో! మఱియు కొన్ని పాత దీపముల తీగలయందు రెండువందల వోల్టులకు మించిన విద్యుత్తుండును. అది నేటి కెమేరాలోని సున్నితమైన భాగములను జెఱుపగలదు. తీగకు బదులు ఇప్పుడు రెండు చిన్న పెట్టె లున్నవి. కెమేరా నెత్తిమీది గాడిలో బెట్టినది రేడియో తరంగముల బంపును. దీపమునకు దగిలించినది వాని నందుకొని దీపమును వెలిగించును. పెక్కింటి తరంగములు 2.4 గిగాహెర్‌ట్జ్ ప్రాంతమునవి, అనగా మన యిండ్లలోని వై-ఫై వాడు తావే. రెండు పెట్టెలును ఒకే చానలు సంఖ్యపై నుండవలెను. పొరుగు గదివారిదియు నదే సంఖ్య యైనచో వారు మీట నొక్కిన మన దీపము వెలుగును!

ఇక నా పొరపాటును జెప్పెదను. గత సంవత్సరము నాటకమునందు వేషములు వేసిన పిల్లలను స్టూడియోలో నిలిపి నేనే ఫోటో తీసితిని. షట్టరు వేగము సెకండులో నాలుగువందలవ వంతున నుండుట జూడనైతిని. పటములో వెనుక వరుసవారు చక్కగ నున్నారు. నేలపై గూర్చుండిన చిన్నపిల్లల వరుస నల్లని పట్టీలో మునిగినది. వారిలో నొకడు మఱునాడే తండ్రి బదిలీచే వేఱూరికి వెడలిపోయెను. మరల తీసిన పటమున వాడు లేడు.

కారణ మిది. ఇట్టి కెమేరాల షట్టరునందు రెండు తెరలు గలవు. మొదటిది తొలగును, రెండవది మూయును. వేగము మితిమీఱినపుడు మొదటి తెర పూర్తిగ తొలగకమునుపే రెండవది బయలుదేఱును. ఆ సమయమున మెఱపు వెలిగిన, తెర కప్పిన భాగమునకు వెలుగు చేరదు. కటకము బింబమును తలక్రిందులు చేయును గావున తెర పైనుండి దిగినను నలుపు పటము అడుగున బడును. రేడియో పెట్టె చేయు స్వల్పాలస్యము ఆ పట్టీని మఱింత పెంచును.

పెక్కు కెమేరాలకు 1/200 లేక 1/250 హద్దు. స్టూడియోలో నేను 1/125 దాటను. ఇందుచే పటము మితిమీఱి తెల్లబడదు. వెలుగంతయు మెఱపుదే కావున దాని హెచ్చుతగ్గులను కటకపు రంధ్రముచేతను దీపపు శక్తిచేతను దిద్దుకొందుము. మొదటి పటమును దీసినవెంటనే పెద్దదిగా జేసి యడుగు అంచును జూచి, పిమ్మటనే పిల్లలను లేవనిత్తును.