మీకు తెలుసా? కరెంటును దాచేది చెరువు

ఎల్లంతకుంట మండలం తిప్పాపూర్‌లో నేల లోపల ఓ పంప్‌హౌస్ ఉంది. కాళేశ్వరం పథకం కింద కట్టిన దీనిలోని నాలుగు మోటార్లు, ఒక్కొక్కటి 106 మెగావాట్లవి, మిడ్‌మానేరు నుంచి వచ్చే నీటిని పైనున్న అనంతగిరి జలాశయంలోకి ఎత్తిపోస్తాయి. 2020లో మొదలైన ఈ ఎత్తిపోత సాగు, తాగునీటి కోసమే. ఇక్కడి మోటార్లు కరెంటు తాగడమే గానీ తిరిగి ఇచ్చేది లేదు.

ఇచ్చేవి కృష్ణా నది మీద ఉన్నాయి. నాగార్జునసాగర్‌లో ఏడు, శ్రీశైలం ఎడమగట్టున ఆరు యంత్రాలు రెండు వైపులా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడతాయి, కొరత వేళ అదే నీటిని కిందికి వదిలి కరెంటు తీస్తాయి. సోలార్ కరెంటు మధ్యాహ్నం పొంగిపొర్లుతుంది, మనకు కావలసింది చీకటి పడ్డాక!

ఒక టీఎంసీని 100 మీటర్లు ఎత్తితే అందులో దాగే శక్తి సుమారు 77 లక్షల యూనిట్లు. ఊరికే రాదు లెండి: తోడడానికి 100 యూనిట్లు పోస్తే వెనక్కి వచ్చేది 75 నుంచి 80. అయినా వాడుకోక వృథాపోయే ఎండ కరెంటుకు ఇది లాభసాటి బేరమే.

నంద్యాల జిల్లా పిన్నాపురంలో సోలార్, గాలిమరల కరెంటును నిల్వ చేసేందుకే 1,680 మెగావాట్ల ఇలాంటి కేంద్రాన్ని నిర్మించారు.