సముద్రపు అడుగు జీవులే ‘బెంథోస్‌’

పిడుగురాళ్ల: సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్లకు సముద్రం చాలా దూరం. అయితే పల్నాడు సున్నపురాతి పొరలు ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్నవే. అటువంటి అడుగును ఆశ్రయించి బతికే జీవజాలాన్నంతటినీ శాస్త్రవేత్తలు ‘బెంథోస్‌’ అని వ్యవహరిస్తారు.

సముద్రపు లోతు అనే అర్థమున్న గ్రీకు పదమిది. 1890లో జర్మన్‌ శాస్త్రవేత్త ఎర్నెస్ట్‌ హెకెల్‌ దీనిని ఈ అర్థంలో వాడుకలోకి తెచ్చారు. నీటివాలున కొట్టుకుపోయేవి ప్లాంక్టన్‌, ఎదురీదగలిగేవి నెక్టాన్‌, అడుగును పట్టుకుని ఉండేవి బెంథోస్‌. పీతలు, ఆల్చిప్పలు, పురుగులు, నక్షత్ర చేపలు, నాచు అన్నీ ఇందులోకే వస్తాయి. ఇది ఒక జాతి పేరు కాదు, నివాసాన్ని బట్టి వచ్చిన పేరు. ఆల్చిప్ప పిల్లదశలో ప్లాంక్టన్‌, అడుగున స్థిరపడ్డాక బెంథోస్‌! పదానికి మూలం లోతే అయినా, తీరాన మోకాటిలోతు నీటి అడుగున ఉన్నవీ బెంథోసే. వాల్తేరు తీరపు ఇసుక రేణువుల సందుల్లో బతికే సూక్ష్మ ప్రాణులపై ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్‌.గణపతి, జి.చంద్రశేఖరరావు 1962లో పరిశోధన పత్రం ప్రచురించారు.

కోస్తాలో గుల్లసున్నం కాల్చేది ఈ జీవుల చిప్పలతోనే. పల్నాడు రాయి సంగతి వేరు. గుల్లల ప్రాణులు విస్తరించక ముందటిది కావడంతో అందులో చిప్పల కోసం వెతకడం వృథా. నాటి అడుగున ఉన్నవి ప్రధానంగా సూక్ష్మజీవులు. అవీ బెంథోసే.

నదులు, చెరువులకూ ఈ మాట వర్తిస్తుంది. నీటి నమూనా ఆనాటి స్థితినే చెబుతుంది. అడుగు జీవులు చాలావరకు పారిపోలేవు కనుక నెలల తరబడి చేరిన కాలుష్యానికి అవే సాక్ష్యం. ప్రాణవాయువు తగ్గిన బురదలో రకరకాల జీవులు పోయి ఎర్రటి పురుగులు కొన్నే మిగులుతాయి.

రేవుల కోసం అడుగును తవ్వినా, ట్రాలు వలలు ఈడ్చినా మొదటి దెబ్బ వీటికే. వీటిని తిని బతికే చేపలకూ, ఆ చేపలపై ఆధారపడిన మత్స్యకారులకూ తర్వాత ఆ నష్టం తాకుతుంది. 2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ అందుబాటులో ఉంచాలి. అందులో ‘బెంథోస్‌’ ప్రస్తావన ఉంటే నమూనాలు ఎన్నిచోట్ల, ఏ రుతువుల్లో తీశారని అడగవచ్చు.